తెలుగు పేపరుకు మౌస్ తక్కువ, మీటలు ఎక్కువ

హోసూరులోనో, బళ్లారిలోనో, రాయగడలోనో, సోలాపూర్‌లోనో తెలుగు చెప్పే టీచరుకు పరీక్షల కాలం వచ్చిందంటే ఒక పని అదనం. రాష్ట్ర భాషలో ఉండే పేపరును ఎవరో ఒకరు టైపు చేసి పెడతారు. పక్క బడి నుంచి తెచ్చుకోవచ్చు, ఊళ్లోని డీటీపీ సెంటరులో కొట్టించుకోవచ్చు. తెలుగు పేపరు అలా దొరకదు. తెలుగు అక్షరం తెలిసిన డీటీపీ మనిషి ఆ ఊళ్లో ఉండకపోవచ్చు. ఉన్నా ఒత్తు ఎక్కడ పడింది, దీర్ఘం ఎక్కడ పోయింది అని టీచరు పక్కన కూర్చుని చూసుకోవాల్సిందే.

అందుకే చాలాచోట్ల ఇప్పటికీ చేతిరాతే. తెల్లకాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి పంచుతారు. చేతిరాత పేపరును చిన్నచూపు చూడనక్కర్లేదు. అందమైన దస్తూరీ ఉన్న పంతుళ్లు మన బడుల్లో ఇంకా ఉన్నారు. అయితే ఆ పేపరు ఒక్కసారికే పనికొస్తుంది. ఒక ప్రశ్న మార్చాలంటే మొత్తం తిరగరాయాలి. పక్క బడికి పంపితే ఫొటోగా వెళ్తుంది తప్ప వాళ్లు దాన్ని మార్చుకోలేరు. వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి మొదలు.

కంప్యూటరు బడిలో ఉండి కూడా ఇలా జరగడానికి కారణాలు తెలిసినవే. తెలుగులో కొట్టాలంటే ఏదో సాఫ్ట్‌వేర్ కొనాలన్న అపోహ ఒకటి. మౌస్ పట్టుకుని మెనూల్లో వెతుక్కుంటూ ఒక్క పేజీ కొట్టేసరికి పూట గడిచిపోవడం ఇంకొకటి. షార్ట్‌కట్ల పట్టికలు బయట వందల కొద్దీ దొరుకుతాయి. అవన్నీ ఇక్కడ ఇవ్వబోవడం లేదు. తెలుగు పేపరు మొదలుపెట్టి ప్రింటు తీసేవరకు ఏ మీటలు చేతికి కావాలో వాటి గురించే మేము ఈసారి రాస్తున్నాం. కొత్తగా కంప్యూటరు ముందు కూర్చున్నవారిని దృష్టిలో పెట్టుకున్నాం. ప్లస్ గుర్తు ఉన్నచోట మొదటి మీటను అదిమిపట్టి రెండోది కొట్టాలని అర్థం. విండోస్ మీట అంటే కీబోర్డు కింది వరుసలో కిటికీ బొమ్మ ఉన్నది.

ముందు తెలుగును లోపలికి తెచ్చుకోవాలి

విండోస్+ఐ కొడితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అందులో సమయం, భాషలకు సంబంధించిన విభాగంలోకి వెళ్లి భాషల జాబితాకు తెలుగును చేర్చాలి. పైసా ఖర్చు లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచే, అంటే 2001 నుంచే, తెలుగు విండోస్‌లో భాగంగా వస్తోంది. చేర్చాక తెలుగు కింద ఉండే ఆప్షన్లలో కీబోర్డులు కనిపిస్తాయి. వాటిలో రెండు మనకు ముఖ్యం. ఒకటి ఇన్‌స్క్రిప్ట్, రెండోది ఫొనెటిక్.

ఇక్కడి నుంచి ఒక్క షార్ట్‌కట్ చాలు. విండోస్+స్పేస్. అది కొట్టినప్పుడల్లా ఇంగ్లీషు, తెలుగు, ఉంటే తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో వరుసగా మారుతూ వస్తాయి. ఏ భాషలో ఉన్నామో తెర కింద కుడి మూలన కనిపిస్తుంది. ఈ ఒక్క మీటల జత అలవాటైతే సగం భయం పోతుందని మా అభిప్రాయం. ఎందుకంటే కొత్తవారు తరచూ ఆగిపోయేది టైపింగ్ రాక కాదు, తెలుగులో కొడుతుండగా ఇంగ్లీషు పడటం ఎందుకో తెలియక.

ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10కి 2019 మేలో వచ్చిన అప్‌డేట్‌తో చేరింది. ఇంగ్లీషు అక్షరాలతో ఎ, ఎం, ఎం, ఎ అని కొడితే అమ్మ వస్తుంది. ఫోన్లో అలా కొట్టే అలవాటున్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. రేపే పేపరు ఇవ్వాల్సిన టీచరుకు మేము దీన్నే చెబుతాం. చిక్కల్లా సూచనల జాబితాతోనే. న, ణ తేడా, శ, ష, స తేడా, ల, ళ తేడా ప్రతి మాటకూ చూసుకుని ఎంచుకోవాలి. పదిహేను ప్రశ్నల పేపరుకు పరవాలేదు. ఏడాది పొడవునా కొట్టేవారికి అది విసుగు.

ఇన్‌స్క్రిప్ట్ అలా కాదు. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ మన బడుల టీచర్లకు అది ఇచ్చే లాభం హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండే టీచరుకు కూడా దొరకదు. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పరుషాల మీద సరళాలు

ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నింటికీ కలిపి చేసిన అమరిక. 1991లో వచ్చిన ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలో ఇది ఉంది. మన లిపులు చూడ్డానికి వేరైనా అక్షరమాల వరుస ఒకటే కదా. ఆ వరుసనే కీబోర్డు మీద పరిచారు. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమ చేతికి. హల్లులు ఎక్కువగా కుడి చేతికి.

హల్లులను ఎలా అమర్చారో చూస్తే తెలుగు టీచర్లకు ముచ్చటేస్తుంది. చేతులు ఆనించి ఉంచే మధ్య వరుసలో కుడివైపు క, చ, ట, త, ప ఉన్నాయి. సరిగ్గా వాటి పై వరుసలో గ, జ, డ, ద, బ ఉన్నాయి. అంటే కె మీట మీద క, దానిపైన ఐ మీట మీద గ. ఎల్ మీద త, దానిపైన ఓ మీద ద. హెచ్ మీద ప, దానిపైన వై మీద బ. చ సెమీకోలన్ మీట మీద ఉంటే జ దానిపైనున్న పి మీద ఉంది. సంధుల పాఠంలో బోర్డు మీద రాసే పరుషాలు, సరళాల జంటలు ఇవే. షిఫ్ట్ అదిమితే అదే మీట మీద ఒత్తక్షరం వస్తుంది. క ఖ అవుతుంది, ద ధ అవుతుంది, బ భ అవుతుంది.

ఎడమ చేతి వైపు కూడా ఇంతే పద్ధతి. ఎఫ్ మీద గుడి, దానిపైన ఆర్ మీద గుడిదీర్ఘం. జి మీద కొమ్ము, దానిపైన టి మీద కొమ్ముదీర్ఘం. షిఫ్ట్‌తో కొడితే గుర్తు బదులు పూర్తి అచ్చు. డి మీట మీద పొల్లు ఉంటుంది. ఒత్తు కావాలంటే అక్షరం, పొల్లు, మళ్లీ అక్షరం. అమ్మ అని రాయాలంటే షిఫ్ట్+డి, సి, డి, సి. పలక అని రాయాలంటే హెచ్, ఎన్, కె. మూడే మీటలు, ఏ జాబితాలోనూ ఎంచుకోనక్కర్లేదు.

ఇక మన లాభం సంగతి. నగర అనే మాట కొట్టాలంటే వి, ఐ, జె. విండోస్+స్పేస్ నొక్కి కన్నడ ఇన్‌స్క్రిప్ట్‌కు మారి అవే మూడు మీటలు కొడితే కన్నడంలో నగర వస్తుంది. మరాఠీలో అవే మీటలు, ఒడియాలో అవే మీటలు. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం కాబట్టి ఐ బదులు కె కొట్టాలి, అంతే తేడా. మీ ఊళ్లో ఉదయం ప్రధానోపాధ్యాయుడి తరఫున రాష్ట్ర భాషలో విద్యాశాఖకు ఉత్తరం కొట్టి, మధ్యాహ్నం తెలుగు పేపరు కొట్టే టీచరుకు ఒక్క టైపింగ్ నేర్చుకుంటే రెండు లిపులు వస్తాయి. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం తర్వాత మన పిల్లలు తమిళం కూడా తప్పనిసరిగా చదువుతున్నారు. కొంచెం పెద్ద తరగతి పిల్లలకు ఇది నేర్పితే వాళ్లకూ రెండు భాషలూ ఒక్క చేత్తో వస్తాయి.

ఒక మాట చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వం 1999లో తమిళ్‌99 అనే వేరే అమరికను ప్రమాణంగా ప్రకటించింది. కర్ణాటకలో నుడి అమరిక వాడుక ఎక్కువ. ఇప్పటికే వాటిలో చెయ్యి తిరిగినవారు వాటిని వదలాల్సిన పని లేదు. కొత్తగా మొదలుపెట్టేవారికే మేము ఇన్‌స్క్రిప్ట్ అంటున్నాం. విండోస్‌లో తమిళానికీ కన్నడానికీ కూడా అది ఉంది.

ఏ మీట మీద ఏ అక్షరం ఉందో గుర్తుండకపోతే విండోస్+కంట్రోల్+ఓ కొట్టండి. తెర మీద ఒక కీబోర్డు బొమ్మ వస్తుంది. విండోస్+స్పేస్‌తో తెలుగులోకి మారగానే బొమ్మలోని మీటల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. షిఫ్ట్ నొక్కితే రెండో వరుస అక్షరాలు. కీబోర్డు మీద స్టిక్కర్లు అంటించడం కన్నా ఇదే మేలు. స్టిక్కర్లు చూస్తూ కొట్టేవారు ఎప్పటికీ కీబోర్డునే చూస్తుంటారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక చిన్న ఇబ్బంది ఉంది. కొటేషన్ గుర్తు మీట ట, ఠలకు పోయింది. బ్రాకెట్ మీట డ, ఢలకు పోయింది. ఆ గుర్తులు కావాల్సినప్పుడు విండోస్+స్పేస్‌తో ఇంగ్లీషులోకి వెళ్లి కొట్టి వెనక్కి రావాలి.

ఎడమ చేతి కింద ఆరు మీటలు

కంట్రోల్‌తో కలిపి వాడే మీటల్లో ఆరు మొదట రావాలి. ఎ అంటే మొత్తం ఎంచుకోవడం. సి అంటే నకలు. ఎక్స్ అంటే కత్తిరించడం. వి అంటే అతికించడం. జెడ్ అంటే చేసిన పనిని వెనక్కి తీసుకోవడం. ఎస్ అంటే భద్రపరచడం. ఈ ఆరూ ఎడమ చేతి వేళ్లకు అందేంత దగ్గరలో ఉన్నాయి. కుడి చెయ్యి మౌస్ మీద ఉన్నా పని ఆగదు. కత్తిరించి అతికించే పద్ధతిని 1970లలో అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన లారీ టెస్లర్, ఆయన సహచరులు రూపొందించారు. పత్రికల్లో కత్తెరతో కాగితం కత్తిరించి జిగురుతో అతికించే పనే దానికి మూలం.

తెలుగు కీబోర్డులో ఉండగా కంట్రోల్+సి కొడితే మ పడుతుందేమోనని కొత్తవారు జంకుతారు. పడదు. కంట్రోల్ అదిమి ఉన్నంతసేపూ మీటలు ఇంగ్లీషు పేర్లతోనే పనిచేస్తాయి. షార్ట్‌కట్ కోసం భాష మార్చనక్కర్లేదు.

వీటిలో జెడ్‌కు, ఎస్‌కు ఎక్కువ మార్కులు వేస్తాం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో యూపీఎస్ లేని కంప్యూటరు మీద పనిచేసేవారు ప్రతి ప్రశ్న పూర్తవగానే కంట్రోల్+ఎస్ కొట్టడం వేళ్లకు నేర్పాలి. కంట్రోల్+జెడ్ వస్తే భయం పోతుంది. పేరా మొత్తం మాయమైనా ఒక్క మీటతో తిరిగి వస్తుందని తెలిసిన మనిషి ధైర్యంగా ప్రయోగాలు చేస్తాడు. పిల్లలకు కంప్యూటరు నేర్పేటప్పుడు కూడా మొదట నేర్పాల్సింది ఇదేనని మా ఉద్దేశం.

తెలుగుకే ప్రత్యేకమైన కిటుకులు

స్త్రీ అనే అక్షరం కంటికి ఒక్కటే. కంప్యూటరుకు అది ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే చివరి గుడిదీర్ఘం మాత్రమే పోతుంది. ఇంకోసారి కొడితే ర ఒత్తు. మొత్తం పోవాలంటే ఆరుసార్లు కొట్టాలి. దీన్ని లోపం అనుకోవద్దు, సౌకర్యం. స్త్రి అని గుడి పెట్టాలనుకుని దీర్ఘం కొట్టేస్తే ఒక్క బ్యాక్‌స్పేస్‌తో దీర్ఘం తీసి గుడి పెట్టొచ్చు. అక్షరం మొత్తం పోవాలంటే దాని ముందుకు వెళ్లి డిలీట్ మీట కొట్టాలి. వర్డ్‌లో డిలీట్ మామూలుగా ఒత్తులతో సహా పూర్తి అక్షరాన్ని తీసేస్తుంది. బ్యాక్‌స్పేస్ ఉలి అయితే డిలీట్ గొడ్డలి.

మాట మొత్తం మార్చాలంటే మౌస్‌తో లాగి ఎంచుకోవడం తెలుగులో కష్టం. చివరి ఒత్తు ఎక్కడ ఆగిందో తెలియదు. కంట్రోల్+బాణం కొడితే మాట నుంచి మాటకు దూకుతాం. దానికి షిఫ్ట్ కూడా కలిపితే ఆ మాట ఎంపికవుతుంది. వెంటనే కొత్త మాట కొట్టేయడమే, పాతది చెరపనక్కర్లేదు. కంట్రోల్+హోమ్ పేపరు మొదటికి, కంట్రోల్+ఎండ్ చివరికి.

తెలుగు పేపరు ప్రింటులో ఇరుకుగా కనపడటానికి ముఖ్య కారణం వరుసల మధ్య చోటు. మన అక్షరాలకు పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు. పై వరుస ఒత్తు కింది వరుస గుడి నెత్తిన కూర్చుంటే మూడో తరగతి పిల్లవాడు ఏం చదువుతాడు? కంట్రోల్+ఎ కొట్టి మొత్తం ఎంచుకుని కంట్రోల్+5 కొట్టండి. వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల చోటు వస్తుంది. కంట్రోల్+2 రెండు రెట్లు, కంట్రోల్+1 మళ్లీ మామూలు. అక్షరాలు కొంచెం పెద్దవి కావాలంటే ఎంచుకుని కంట్రోల్‌తో కుడి బ్రాకెట్ మీట, చిన్నవి కావాలంటే ఎడమ బ్రాకెట్ మీట. ఒక్కో దెబ్బకు ఒక్కో పాయింటు మారుతుంది. కాగితం రెండో వైపుకు వెళ్లాలంటే ఎంటర్ కొడుతూ పోవద్దు. కంట్రోల్+ఎంటర్ కొడితే కొత్త పేజీ. ఎంటర్లతో కిందికి నెట్టిన పేపరులో పైన ఒక ప్రశ్న కలిపితే కింద అంతా చెదిరిపోతుంది.

పిల్లల పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. రాజ్‌కుమార్ అని కొట్టబోతే రాజ్కుమార్ అని పడుతుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తుగా మారాలన్నది కంప్యూటరుకు తెలిసిన నియమం. దాన్ని ఆపడానికి మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి. వర్డ్‌లో అయితే పొల్లు కొట్టాక ఇంగ్లీషులోకి మారి 200 అంకె, వెంటనే సి అక్షరం కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కాలి. ఆ నాలుగూ మాయమై వాటి చోట కనిపించని అక్షరం చేరుతుంది. తర్వాత తెలుగులోకి వచ్చి కు కొడితే అది ఒత్తు కాకుండా విడిగా నిలబడుతుంది. ఒక్క పేరుకు ఇంత అవస్థా అనిపించవచ్చు. హాజరు పట్టీలోనూ ప్రోగ్రెస్ కార్డులోనూ ఏడాదంతా ఉండే పేరు అది. ఒకసారి సరిగా కొట్టి ఆ పేరును నకలు చేసుకుంటే చాలు.

పుస్తకం ఒక పక్క, పేపరు ఒక పక్క

ఎక్కువ సమయం తినేసే పని నిజానికి టైపింగ్ కాదు. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ చూడటం, మళ్లీ వర్డ్‌కు రావడం, ఎక్కడ ఆపామో వెతుక్కోవడం. వర్డ్ తెరిచి విండోస్+ఎడమ బాణం కొట్టండి. అది తెరలో ఎడమ సగానికి సర్దుకుంటుంది. మిగిలిన సగంలో పీడీఎఫ్‌ను ఎంచుకుంటే రెండూ పక్కపక్కన ఉంటాయి. తెర చిన్నదైతే ఆల్ట్+ట్యాబ్ మేలు. ఆల్ట్ వదలకుండా ట్యాబ్ కొడుతుంటే తెరిచిన పనులన్నీ వరుసగా వస్తాయి. పుస్తకంలోని బొమ్మో పటమో పేపరులోకి కావాలంటే విండోస్+షిఫ్ట్+ఎస్. తెర మసకబారుతుంది. కావాల్సిన భాగం మీద గీసి వర్డ్‌కు వచ్చి కంట్రోల్+వి.

ఈ విభాగంలో మాకు అన్నిటికన్నా నచ్చినది విండోస్+వి. కంట్రోల్+సి కొడితే ముందు నకలు చేసింది పోయి కొత్తది చేరుతుందని అందరికీ తెలుసు. విండోస్+వి కొడితే పాతవి కూడా జాబితాగా కనిపిస్తాయి. మొదటిసారి మాత్రం దాన్ని ఆన్ చేయమని అడుగుతుంది. ఇరవై అయిదు దాకా గుర్తుంచుకుంటుంది. కంప్యూటరు ఆపితే పోతాయి. పోకూడదనుకున్న వాటికి పక్కన పిన్ గుర్తు నొక్కాలి. బడి పేరు, తరగతి, సమయం, మార్కులు ఉండే పై వరుసలు, ఖాళీల కోసం గీసే గీత, కింది ప్రశ్నలకు ఒక వాక్యంలో జవాబులు రాయండి లాంటి సూచనలు ఇలా పిన్ చేసి ఉంచుకుంటే పేపరులో సగం అచ్చు సిద్ధంగా ఉన్నట్టే. విండోస్ 10లో 2018 అక్టోబరు అప్‌డేట్ తర్వాతి కంప్యూటర్లన్నింటిలో ఇది ఉంది. బడిలో అందరూ వాడే కంప్యూటరు మీద మాత్రం జాగ్రత్త. పాస్‌వర్డ్ నకలు చేస్తే అదీ ఆ జాబితాలో కూర్చుంటుంది.

వెబ్‌సైట్ నుంచి తెచ్చి అతికించినప్పుడు రంగులు, వేరే సైజు అక్షరాలు కూడా వచ్చి పడుతుంటాయి. కంట్రోల్+ఆల్ట్+వి కొట్టి ఫార్మాటింగ్ లేని టెక్స్ట్ ఎంచుకుంటే ఉత్త అక్షరాలే వస్తాయి. క్రోమ్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ దానికి కంట్రోల్+షిఫ్ట్+వి.

పెద్ద గద్యభాగం కొట్టాల్సి వస్తే ఇంటర్నెట్ ఉన్నచోట క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి కంట్రోల్+షిఫ్ట్+ఎస్ కొట్టండి. మైకు బొమ్మ వస్తుంది. భాష తెలుగు ఎంచుకుని చదివితే అదే రాసుకుపోతుంది. మన హోసూరు యాసో బరంపురం యాసో దానికి ఒక్కోసారి అర్థం కాదు, దిద్దుకోవాలి. అయినా మొదటి నుంచి కొట్టడం కన్నా దిద్దడం తేలిక.

పాత ఫాంటు పేపర్లు

బడిలో పదిహేనేళ్ల కిందటి తెలుగు పేపర్లు కంప్యూటరులోనే ఉన్నాయి, తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి అనేవారు చాలామంది. ఆ ఫైళ్లు పాడు కాలేదు. పాత డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకున్నాయి. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషే. పైన తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ముసుగు తొలగిపోయి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. వాట్సాప్‌లో అతికించినా అంతే.

యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి. పైన చెప్పిన ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ యూనికోడే. ఏ ఫైలు ఏదో తెలుసుకోవడానికి రెండు మీటలు చాలు. ఒక వరుస కంట్రోల్+సి చేసి నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్+వి చేయండి. తెలుగుగా వస్తే యూనికోడ్. పీడీఎఫ్ అయితే కంట్రోల్+ఎఫ్ కొట్టి కంటికి కనిపిస్తున్న ఏదైనా తెలుగు మాట వెతకండి. దొరక్కపోతే అది పాత ఫాంటో, స్కాన్ చేసిన బొమ్మో అయి ఉండొచ్చు. అలాంటి పుస్తకం నుంచి నకలు తీయాలని గంటలు గడపకుండా నేరుగా కొట్టుకోవడమే మంచిది. పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయి గాని మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

మార్కుల పట్టిక, ఉమ్మడి కంప్యూటరు

ఎక్సెల్‌కు మూడే చెబుతాం. మార్కుల కింద ఖాళీ గడిలో ఆల్ట్‌తో సమానం గుర్తు కొట్టి ఎంటర్ నొక్కితే మొత్తం వస్తుంది. ఒక గడిలో ఉన్నది కింది గడులన్నింటికీ కావాలంటే వాటిని ఎంచుకుని కంట్రోల్+డి. గడిలోని పేరులో ఒక అక్షరం మార్చాలంటే ఎఫ్2. పిల్లల పేర్లు తెలుగులో ఒక నిలువు వరుస, రాష్ట్ర భాషలో పక్క వరుస పెట్టుకుంటే విద్యాశాఖకు పంపే పట్టీలో పేరు ఒక రకంగా, బడి సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా పడే బాధ తగ్గుతుంది. తల్లిదండ్రులను పిలిచి ఆ రెండు వరుసలూ ఒకసారి చూపించండి. పదో తరగతి సర్టిఫికెట్ చేతికొచ్చాక పేరు దిద్దించుకోవడం ఎంత తిప్పటో అనుభవించిన ఇళ్లు మన మధ్య తక్కువేం కాదు.

కంప్యూటరు అందరిదీ అయినప్పుడు లేచి వెళ్లేముందు విండోస్+ఎల్ కొట్టి తాళం వేయాలి. బడి లాగిన్లు తెరవాల్సి వస్తే క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎన్ కొట్టి ఆ కిటికీలోనే తెరవాలి. మూసేయగానే లాగిన్ పోతుంది. పొరపాటున మామూలు ట్యాబ్ మూసేస్తే కంట్రోల్+షిఫ్ట్+టి దాన్ని తిరిగి తెస్తుంది. కొన్ని బడుల్లో విండోస్ బదులు లినక్స్ ఉంటుంది. అక్కడి లిబ్రే ఆఫీస్‌లో కూడా కంట్రోల్‌తో చెప్పిన ఆరూ, కంట్రోల్+5 కూడా ఇలాగే పనిచేస్తాయి. ఉబుంటులో భాష మార్చడానికి కూడా విండోస్ మీట+స్పేసే.

ఇంట్లో కంప్యూటరు లేని తల్లిదండ్రులు ఇదంతా మనకెందుకని అనుకోవద్దు. పిల్లల ఫోన్‌లో జీబోర్డుకు తెలుగు చేర్చండి. స్పేస్ బారును అదిమి పట్టుకుంటే భాష మారుతుంది. బడి గ్రూపులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగుకు బదులు తెలుగు అక్షరాల్లో జవాబు ఇవ్వండి. చూస్తున్న పిల్లలు కూడా అలాగే రాస్తారు.

ఫైలుకు పేరు, ఇచ్చిపుచ్చుకోవడం

పేపరు పూర్తయ్యాక ఫైలును ఎంచుకుని ఎఫ్2 కొట్టి పేరు మార్చండి. డాక్యుమెంట్1 అని వదిలేస్తే వచ్చే ఏడాది దొరకదు. తరగతి, నెల, ఏడాది ఉంటే చాలు. విండోస్+ఇ కొట్టి ఫోల్డర్లు తెరిచి, కంట్రోల్+ఎఫ్ కొట్టి ఏడో తరగతి అని వెతికితే అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి.

సోలాపూర్‌లో యూనికోడ్‌లో కొట్టిన అయిదో తరగతి తెలుగు పేపరు రాయగడలో ఏ ఫాంటూ అడగకుండా తెరుచుకుంటుంది. యానాంలో కొట్టింది హోసూరులో తెరుచుకుంటుంది. పాఠాలు రాష్ట్రానికో రకంగా ఉండొచ్చు. వ్యాకరణం, ఉత్తరం రాయడం, చదివి అర్థం చేసుకోవడం, పదజాలం భాగాలు అందరికీ పనికొస్తాయి. అందుకున్నవారు కంట్రోల్+హెచ్ కొట్టి పైన గడిలో అవతలి ఊరి పేరు, కింది గడిలో తమ ఊరి పేరు రాసి అన్నీ మార్చు నొక్కితే ఊళ్ల పేర్లన్నీ ఒకేసారి మారతాయి. మార్చేముందు ఒక్కటి చూసుకోవాలి. ఊరి పేరుకు విభక్తి చేరినచోట, అంటే సోలాపూర్‌లో, సోలాపూర్‌కు అని ఉన్నచోట, మధ్యలో ఆ కనిపించని అక్షరం ఉంటుంది. సోలాపూర్ వరకే వెతికి రాయగడ అని మారిస్తే రాయగడలో అని సరిగ్గానే కనిపిస్తుంది గాని కనిపించని అక్షరం లోపల మిగిలిపోతుంది. ప్రింటుకు దానివల్ల నష్టం లేదు. తర్వాత ఎప్పుడైనా రాయగడలో అని వెతికితే దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు రాయగడ వరకే కొట్టి వెతకండి.